థౌ లెక్కన బుల్లెట్

శ్రీకాకుళం అంటే ఉత్తరాంధ్రలోదే అనుకోకండి. కృష్ణా జిల్లా ఘంటసాల మండలంలో, కృష్ణా నది ఎడమ గట్టున ఇంకో శ్రీకాకుళం ఉంది. ఆంధ్ర మహావిష్ణువు కొలువైన ఊరు. రాయలవారికి ఆముక్తమాల్యద రాయాలన్న సంకల్పం ఈ గుళ్ళోనే కలిగిందని చెప్పుకుంటారు. అక్కణ్ణించి చల్లపల్లి, మొవ్వ, అవనిగడ్డ, ఇటు బందరు, గుడివాడ, ఏ రోడ్డెక్కినా ఎక్కడో ఒకచోట పాత బుల్లెట్ మోత వినబడుతుంది. ముప్ఫై, నలభై ఏళ్ళనాటి బండ్లు. కొన్ని నాన్న తోలినవి, కొన్ని మేనమామ కట్టబెట్టినవి. ఇవి ఇంకా నడుస్తున్నాయంటే ఆ ఘనతలో మద్రాసు ఫ్యాక్టరీ వాటా సగమే. మిగతా సగం ఈ ఊళ్ళలో ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక బెంచీ, ఒక వైసు, ఒక ట్యూబులైటు పెట్టుకుని పనిచేసే మేస్త్రులది.

అలాంటి ఒక షెడ్డులో ఇంజను పనిని దగ్గరగా చూసి రాస్తున్న పరిచయం ఇది. ఆ షెడ్డు ఒకప్పుడు గొడ్ల సావిడి. ఇప్పుడు గాటి ఉన్న చోట బెంచీ ఉంది. బోర్డు లేదు. అక్కడి మేస్త్రి నెలకి ఒకటో రెండో ఇంజన్లు తప్ప ఒప్పుకోరు. చేతిలో పని ఉండగా ఎవరొచ్చి బతిమాలినా, "ఇది అయ్యాక చూద్దాం బాబూ" అనేస్తారు.

ముందు ఇంజను సంగతి. రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంగ్లండులోని రెడిచ్ పట్టణపు కంపెనీ. బుల్లెట్ అన్న పేరు 1932 నుంచీ ఉంది. 1950లలో మన సైన్యం సరిహద్దు గస్తీకి 350 సీసీ బుల్లెట్‌ను ఎంచుకుంది. 1955లో మద్రాస్ మోటార్స్‌తో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది. తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో మొదట విడిభాగాలు తెప్పించి బిగించారు, తర్వాత అన్నీ ఇక్కడే తయారు చేశారు. 1970 వచ్చేసరికి ఇంగ్లండులో ఆ కంపెనీ మూతపడింది. ఇక్కడ మాత్రం పోత ఇనుప సిలిండరుతో దాదాపు అదే ఇంజను 2010 ప్రాంతం దాకా వస్తూనే ఉంది.

దాని కొలతలు ఏ మేస్త్రిని అడిగినా నిద్రలో కూడా చెబుతాడు. బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు 90 మిల్లీమీటర్లు, మొత్తం 346 సీసీ. నిమిషానికి 5625 చుట్ల దగ్గర 18 హార్స్‌పవర్. అల్యూమినియం హెడ్డు, రెండు పుష్‌రాడ్లు, విడిగా బిగించిన నాలుగు గేర్ల ఆల్బియన్ బాక్సు, కుడికాలి కింద గేరు, ఎడమకాలి కింద బ్రేకు. ఇప్పటి బుల్లెట్‌లో ఉన్న 349 సీసీ ఇంజను ఇచ్చేది 20 హార్స్‌పవర్ చిల్లర. ఇన్నేళ్ళలో పెరిగింది రెండే రెండు. కాబట్టి పాత ఇంజను గొప్పతనం బలంలో వెతికితే దొరకదు. ఆ ఇంజన్ని విప్పి, కొలిచి, అరిగిన మేరకు సరిచేసి మళ్ళీ కొత్తదానిలా నిలబెట్టవచ్చు. అదీ దాని ప్రత్యేకత.

ఏ రెండు బుల్లెట్లూ ఒక్కలా ఉండవని రోడ్డు మీద ఒక మాట ఉంది. తోలేవాళ్ళు దీన్ని ముచ్చటగా చెప్పుకుంటారు. మేస్త్రికి ఇది పని లెక్క. ఒక ఇంజన్లో గేరు పళ్ళ మధ్య సందు కాస్త ఎక్కువ, ఇంకోదానిలో పిస్టను కాస్త బిగువు, వేరొకదానిలో క్రాంకు వెంట్రుకవాసి వంకర. ఇవన్నీ ఫ్యాక్టరీ నుంచి అలాగే వచ్చి ఉండొచ్చు, మధ్యలో ఎవరో చెయ్యిపెట్టి తెచ్చినవీ కావొచ్చు. ఫ్యాక్టరీ వదిలేసిన చోట నుంచి పని మొదలుపెట్టి ఒక్కో బండినీ దాని సొంత కొలతకి తీసుకురావడం ఈయన చేసేది. దాన్ని మరమ్మతు అంటే తక్కువ చేసినట్టే.

విప్పేటప్పుడే సగం తెలుస్తుంది

చాలాచోట్ల ఇంజను దించగానే డీజిలు పోసి కడిగేస్తారు. ఈ షెడ్డులో మొదటి రోజు కడగరు. "మురికి చూడకుండా కడిగితే రోగి నోరు మూసినట్టే" అంటారు మేస్త్రి. నూనె ఎక్కడి నుంచి కారి ఎటు పాకిందో చూస్తారు. తర్వాత పాత నూనెను తెల్లటి గుడ్డలోంచి వడకట్టి ఆ గుడ్డను ఎండలో పరుస్తారు. మెరిసే పొడి ఏ రంగులో ఉందో దాన్ని బట్టి జబ్బు ఎక్కడో తేలుతుంది. బంగారు ఛాయ కనిపిస్తే బుష్షులు. వెండిలా మెత్తగా రేకులు రేకులుగా కనిపిస్తే బిగ్ ఎండు.

ఈ ఇంజన్లో కనెక్టింగ్ రాడ్డు కింది కొసకి, అంటే బిగ్ ఎండుకి, రోలరు బేరింగు ఉండదు. తెల్లలోహం పూత పూసిన ఉక్కు బుష్షు ఒకటి ఉంటుంది. అది రాడ్డుకీ, క్రాంక్‌పిన్నుకీ దేనికీ అంటుకోకుండా నూనె పొర మీద తేలుతూ తిరుగుతుంది. నూనె సరిగ్గా అందినంతకాలం అది మహారాజు. ఒక్కసారి నూనె తగ్గిందా, పూత రేకులుగా లేచిపోతుంది. వడకట్టిన గుడ్డ మీద కనిపించేది అదే.

విప్పడంలో ఓపిక తెలిసేది నట్ల దగ్గర. పాత బుల్లెట్‌లో ఇంగ్లీషు కొలతల నట్లు, మిల్లీమీటరు నట్లు కలిసిపోయి ఉంటాయి. సరిపోని స్పానరు పెట్టి తిప్పితే మూలలు అరిగి నట్టు గుండ్రమైపోతుంది. మేస్త్రి గోడకి రెండు వరసల స్పానర్లు వేలాడుతుంటాయి. ఎడమ వరస విట్‌వర్త్, కుడి వరస మిల్లీమీటరు. నట్టు మీద స్పానరు పెట్టి ముందు చేత్తో ఊపుతారు. కొద్దిగా కదిలినా తీసేసి ఇంకోటి పెడతారు. కుర్రాళ్ళకి అక్కడ నేర్పే మొదటి పాఠం ఇదే. రెండో పాఠం ఆయిల్ పంపును తిప్పే మర దగ్గర. క్రాంకు కుడి కొసన ఉండే ఆ మరకి చుట్లు ఎడమవైపు. ఆ సంగతి తెలియని చెయ్యి మామూలు అలవాటున ఊడదీయబోయి ఇంకా బిగిస్తుంది, చివరికి షాఫ్టు చుట్లనే పాడుచేస్తుంది. ఇలా పాడైన షాఫ్టుతో వచ్చిన ఇంజన్లు ఆ షెడ్డుకి కొత్తేం కాదు. చుట్లు సరిచేయించుకు రావడానికి లేతు పని ఎలాగూ తప్పదు.

విప్పిన ప్రతి ముక్కా మైదా సంచి గుడ్డ పరిచిన పళ్ళేలలోకి, విప్పిన వరసలోనే వెళుతుంది. హెడ్డు నట్లు ఏది ఏ స్టడ్డుదో ఆ స్టడ్డుదిగానే ఉంటుంది. పుష్‌రాడ్లు ఇన్‌లెట్‌ది ఇన్‌లెట్‌కే, ఎగ్జాస్టుది ఎగ్జాస్టుకే. ఇన్నేళ్ళు ఒకదానితో ఒకటి ఒరుసుకుని సర్దుకున్న ముక్కల్ని మార్చి బిగిస్తే అవి మళ్ళీ మొదటి నుంచి అరగడం మొదలుపెడతాయి.

బోరు కొలత

పాత ఇంజను సిలిండరు లోపలి గోడ ఎలా అరుగుతుందో బోరు గేజుతో చూపించారు. పైన, మధ్యన, కింద మూడు లోతుల్లో, ఒక్కో లోతులో ముందు వెనకలకి ఒకసారి, అడ్డంగా ఒకసారి. మొత్తం ఆరు కొలతలు. నోటుబుక్కులో ఆరు గళ్ళు గీసి రాస్తారు. పై రింగు ఆగే చోట అరుగుదల అన్నిటికన్నా ఎక్కువ. మంట అక్కడ, వేడి అక్కడ, నూనె తక్కువ అక్కడ. ముందు వెనకల అరుగుదల అడ్డం కన్నా ఎక్కువ. రాడ్డు వాలుగా తోసినప్పుడు పిస్టను గోడకి ఆనేది అటే. అంటే గుండ్రంగా పుట్టిన సిలిండరు ఇప్పుడు పైన కోడిగుడ్డు ఆకారం, కింద గుండ్రం. కంటికి మాత్రం నున్నగా, బాగానే కనిపిస్తుంది.

ఇక్కడ మన మేస్త్రులందరి భాషా థౌ. అంగుళంలో వెయ్యో వంతు. పిస్టన్లు అసలు కొలత కన్నా పావు, అర, ముప్పావు, ఒక మిల్లీమీటరు పెద్దవి దొరుకుతాయి. షెడ్డులో వాటిని పది, ఇరవై, ముప్ఫై, నలభై అంటారు. ఇరవై పిస్టను అంటే బోరు ఇరవై థౌ పెంచాలి. చాలామంది సిలిండరు పంపి "ఇరవై వేసెయ్" అంటారు. ఈ మేస్త్రి అలా అనరు. ముందు పిస్టను తెప్పించి, స్కర్టు కింది భాగంలో మైక్రోమీటరుతో కొలుస్తారు. పెట్టె మీద ఇరవై అని ఉన్నా ఒకటి అర థౌ ఎక్కువ ఉంటుంది, ఇంకోటి తక్కువ ఉంటుంది. ఆ పిస్టను కొలత మీద మూడు థౌ ఖాళీ వచ్చేలా లెక్కగట్టి, బోరు ఎంతకు రావాలో అంకె కాగితం మీద రాసి, ఆ కాగితాన్నీ పిస్టన్నీ సిలిండరుతో పాటు కట్టి పంపుతారు.

బోరు వేసే మెషిను ఆ షెడ్డులో లేదు. దాని కోసం బెజవాడ వెళ్ళాలి. 1960లలో వెలిసిన జవహర్ ఆటోనగర్ దశాబ్దాలుగా ఈ ప్రాంతమంతటికీ ఇంజన్ల ఆస్పత్రి. లారీ బాడీల దగ్గర్నుంచి క్రాంకు గ్రైండింగు దాకా అక్కడ జరగని పని లేదు. గోనెసంచిలో చుట్టిన సిలిండరు బస్సు పార్సిల్లో అక్కడికి వెళుతుంది. తిరిగొచ్చాక మళ్ళీ అవే ఆరు గళ్ళు, మళ్ళీ ఆరు కొలతలు. ఒక గడిలో తేడా వస్తే అదే బస్సుకి తిరుగు ప్రయాణం. ఆటోనగర్ పనివాళ్ళకి ఈయన చీటీ అంటే ముందే కాస్త భయం, దాంతోపాటు గౌరవం.

తిరిగొచ్చిన సిలిండరు లోపల హోనింగు గీతలు ఏటవాలుగా, ఒకదాన్నొకటి కోసుకుంటూ వల అల్లినట్టు ఉంటాయి. రింగులు ఆనడానికీ, గోడ మీద నూనె నిలవడానికీ ఆ గీతలే ఆధారం. కానీ గీతల్లో రాయి పొడి ఇరుక్కుని ఉంటుంది. పెట్రోలుతో అది పోదు. వేడినీళ్ళు, బట్టల సబ్బు, బ్రష్షు. తోమి తోమి, తెల్లగుడ్డ పెట్టి తుడిచినప్పుడు గుడ్డ మీద బూడిదరంగు మరక రాకుండా ఉండేదాకా తోమాలి. ఆ వెంటనే ఆరబెట్టి నూనె పూయాలి. పక్కన సముద్రం ఉన్న ఈ గాలిలో తడి ఇనుముకి ఎర్రతుప్పు పట్టడానికి పూట పట్టదు.

రింగుల్ని కూడా ఊరికే వేయరు. రింగును ఒక్కదాన్నే సిలిండరులో పెట్టి, పిస్టను తలతో తోసి సమంగా కూర్చోబెట్టి, రెండు కొసల మధ్య సందులో ఫీలర్ గేజు దూరుస్తారు. బోరులో అంగుళానికి నాలుగు థౌ చొప్పున లెక్క. 70 మిల్లీమీటర్లంటే రెండుమ్ముప్పావు అంగుళాలు, కాబట్టి 11 థౌ. తక్కువుంటే వేడికి రింగు సాగి కొసలు ఢీకొంటాయి, సిలిండరు గీకుతుంది. సన్నటి ఆకురాయితో ఒక్క కొసనే, ఒకే దిక్కుగా రుద్దుతారు. రెండు వైపులా రుద్దితే రింగు అంచు చిట్లుతుంది.

క్రాంకు

ఈ పనంతటిలో నాకు పనితనం అంటే ఏమిటో కళ్ళకు కట్టింది క్రాంకు సరిచేసే దగ్గర. బుల్లెట్ క్రాంకు ఒకే ముక్క కాదు. రెండు బరువైన ఫ్లైవీళ్ళు, వాటి మధ్య క్రాంక్‌పిన్ను, రెండు వైపులా చెరో షాఫ్టు. కొత్త బుష్షు, రాడ్డు వేయాలంటే ఫ్లైవీళ్ళను విడదీసి మళ్ళీ కలపాలి. కలిపాక రెండు షాఫ్టులూ ఒకే గీత మీద ఉండాలి. ఉండవు. ఎంత మంచి ప్రెస్సు మీద బిగించినా మొదటిసారి ఉండవు.

క్రాంకును రెండు వి బ్లాకుల మీద బేరింగులతో పడుకోబెడతారు. రెండు షాఫ్టుల కొసలకీ రెండు డయల్ గేజులు. చేత్తో క్రాంకును మెల్లగా ఒక చుట్టు తిప్పుతారు. సూదులు అటూ ఇటూ ఊగుతాయి. రెండు సూదులూ ఎక్కడ పైకి లేస్తున్నాయి, ఎక్కడ దిగుతున్నాయి అన్నదాన్ని బట్టి జబ్బు రెండు రకాలు. ఒక ఫ్లైవీలు పిన్ను చుట్టూ కాస్త తిరిగిపోయి ఉండొచ్చు. లేదా రెండు ఫ్లైవీళ్ళూ ఒకవైపు దగ్గరగా, ఎదురువైపు దూరంగా ఉండొచ్చు. మొదటి దానికి మందు దెబ్బ. క్రాంకును గట్టిగా పట్టుకుని ఫ్లైవీలు అంచు మీద రాగి సుత్తితో ఒక్కటి. రెండో దానికి దూరంగా ఉన్నచోట వైసుతో నొక్కడం, దగ్గరగా ఉన్నచోట మధ్యలో మేకు పెట్టి తెరవడం.

వినడానికి మోటుగా ఉంటుంది. చూస్తే మాత్రం, ఆ సుత్తి పడేముందు ఆయన సుద్దతో అంచు మీద గుర్తు పెడతారు. సుత్తిని పిడి చివర కాకుండా మధ్యన పట్టుకుంటారు. కొట్టిన వెంటనే మళ్ళీ వి బ్లాకుల మీద, మళ్ళీ చుట్టు. సూది ఊపు తగ్గిందా, పెరిగిందా? పెరిగితే ఎదురువైపు తేలిక దెబ్బ. ఇలా దెబ్బ, చుట్టు, దెబ్బ, చుట్టు. సూది ఊపు మిల్లీమీటరులో 5 వందో వంతుల లోపుకు వచ్చాక చాలామంది ఆపేస్తారు. ఈయన రెండు వందో వంతులకు తెచ్చేదాకా వదలరు. అంత పట్టింపు దేనికంటే, వంకర క్రాంకు వల్ల వచ్చే అదురు మెయిన్ బేరింగుల్ని తింటుంది, ప్రైమరీ చైను వేగంగా సాగుతుంది, పదివేల కిలోమీటర్లకే మళ్ళీ ఇంజను దించాలి. దెబ్బల లెక్క ఎవరూ రాసుకోరు. చివర్లో సూది ఆగిన అంకె మాత్రం నోటుబుక్కులోకి ఎక్కుతుంది.

బిగించేటప్పుడు

వాల్వుల్ని సీట్ల మీద పేస్టు వేసి నూరుతారు. గరుకు పేస్టుతో ఒకసారి, సన్న పేస్టుతో ఇంకోసారి. వాల్వు అంచు చుట్టూ తెగకుండా ఒకే వెడల్పు బూడిదరంగు పట్టీ రావాలి. తర్వాత స్ప్రింగులు వేసి, హెడ్డు పోర్టులో పెట్రోలు పోసి బల్ల మీద పెట్టి వదిలేసి టీకి వెళతారు. వచ్చి చూసేసరికి వాల్వు చుట్టూ తడి కనిపిస్తే మళ్ళీ నూరుడే.

క్రాంక్‌కేసు రెండు సగాల్ని కలిపేచోట అనాబాండ్ సీలెంటు పూత సన్నగా, గోటితో గీసినంత. కొత్తవాళ్ళు దండిగా పూస్తారు, ఎక్కువైంది లోపలికి పిండుకుని నూనె దారుల్లో పడుతుంది. టైమింగు గేర్ల మీద ఫ్యాక్టరీ వేసిన చుక్కలూ గీతలూ ఒకదానికొకటి ఎదురు రావాలి. ఆ తర్వాత రెండు పంపులు. ఒకటి నూనెను ఫిల్టరు మీదుగా క్రాంకుకి పంపేది, ఇంకోటి అడుగున చేరిన నూనెను తిరిగి లాగి రాకర్లకీ, ట్యాంకుకీ చేర్చేది. పంపు బిళ్ళను అద్దం మీద సన్న పేస్టుతో రుద్ది, దాని ముఖం, అది కూర్చునే ముఖం సరిసమానంగా చేస్తారు. కవరు మూసే ముందు నూనె క్యానుతో దారులన్నీ నింపుతారు. మొదటి స్టార్టులో ఆ కొద్ది సెకన్లు పొడిగా తిరిగితే చాలు, ఇంత కష్టపడి వేసిన కొత్త బుష్షు పూత లేచిపోతుంది. కవరుకీ క్రాంకుకీ మధ్య నూనె తప్పించుకోకుండా ఆపేది ఒక చిన్న బెండు సీలు. ఖరీదు చూస్తే నవ్వొస్తుంది. దాన్ని పాతదే వేసి మిగుల్చుకున్నవాళ్ళు బిగ్ ఎండు పోయి మళ్ళీ వస్తారు.

ట్యాపెట్ల సందు ఈ ఇంజన్లో సున్నా. కంప్రెషన్ స్ట్రోకులో పిస్టను పై కొసన ఉండగా, ఇంజను పూర్తిగా చల్లగా ఉండగా, సిలిండరు పక్క కిటికీలోంచి సరిచేయాలి. పుష్‌రాడ్డు రెండు వేళ్ళతో తేలిగ్గా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం కదలకూడదు. దీనికి గేజు లేదు, వేళ్ళే గేజు.

పాయింట్లు ఉన్న బండి అయితే సందు 14 నుంచి 16 థౌ. మంట టైమింగు చూడటానికి పాయింట్ల మధ్య సిగరెట్టు కాగితం పెట్టి, దాన్ని మెల్లగా లాగుతూ ఇంజను తిప్పుతారు. కాగితం బిగువు వదిలి జారిన క్షణమే పాయింట్లు తెరుచుకున్న క్షణం. అప్పుడు పిస్టను పై కొసకి మిల్లీమీటరు లోపు దూరంలో ఉండాలి. సైకిలు పుల్ల ఒకటి ప్లగ్గు కన్నంలో నిలబెట్టి, దానికి గుర్తులు పెట్టుకుని చూస్తారు. ఇదంతా చేసి అమ్మీటరు సూది మధ్యకు రాగానే కిక్కు కొడితే, లేచిందంటే ఆ ఒక్క కిక్కుకే లేవాలి.

ఏం వేయాలి, ఏం వద్దు

పాత ఇంజన్ను మెరుగుపరచడం అనగానే కుర్రాళ్ళకి ముందు తట్టేది సీసీ. సిలిండరు, పిస్టను మార్చి 500 చేద్దామా, 535 చేద్దామా అని అడుగుతారు. 90 మిల్లీమీటర్ల స్ట్రోకు మీద బోరు 84 అయితే 499 సీసీ, 87 అయితే 535. లెక్క బాగానే ఉంది. కానీ 350 క్రాంక్‌కేసు నోరు కోస్తే తప్ప ఆ సిలిండరు కూర్చోదు. కూర్చున్నా డ్రమ్ము బ్రేకులు అవే, గేరుబాక్సు అదే. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను పుస్తకంలో ఉన్నదానికి భిన్నంగా బండిని మార్చకూడదు. అలా అడిగిన ఒక అబ్బాయితో మేస్త్రి అన్న మాట: "వేద్దాంలేరా అబ్బాయ్. ముందు దీనికి రావలసిన పద్దెనిమిది గుర్రాలూ వస్తున్నాయేమో చూద్దాం." చూశాక ఆ అబ్బాయి మళ్ళీ 535 మాటెత్తలేదు. ఆ బండి అప్పటిదాకా పన్నెండు, పదమూడుతో ఈడుస్తోంది మరి.

ఆయన ఒప్పుకునే మార్పులు కొన్నే. పాయింట్లు తీసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషను పెట్టడం మొదటిది. వానాకాలం కాలవ గట్ల మీద తిరిగే బండికి అది నిజంగా మేలు. రెండోది క్రాంక్‌కేసు బ్రీదరు. బుల్లెట్ నూనె కారడం గురించి జోకులకి కొదవ లేదు. గాస్కెట్లు ఎన్ని మార్చినా కారుతుంటే లోపం గాస్కెట్‌లో కాదు, లోపలి గాలి ఒత్తిడి బయటికి పోయే దారిలో. పిస్టను దిగిన ప్రతిసారీ కింద గాలి నొక్కుకుంటుంది. బ్రీదరు వాల్వు ఆ గాలిని వదిలి మళ్ళీ లోపలికి రానివ్వకపోతే నూనె అతుకుల్లోంచి ఉబికిరాదు. ఆ వాల్వునూ, గొట్టాన్నీ సరిచేసి నూనె ఆపిన బండ్లను నేను చూశాను. మూడోది ఎక్కువ నూనె పంపే పంపు. తేలే బుష్షుకి ఆయుష్షు పోసేది అదే.

రోలరు బిగ్ ఎండు వేయమంటే ఆలోచిస్తారు. నూనె కాస్త ఆలస్యమైనా అది తట్టుకుంటుంది కాబట్టి రోజూ దూరాలు వెళ్ళే బండికి వేస్తారు. వారానికోసారి తీసే బండికి అసలు బుష్షే చాలంటారు. అల్యూమినియం సిలిండరు వేడిని ఇనుము కన్నా త్వరగా వదులుతుందని ఒప్పుకుంటారు, కానీ సొంత ఇనుప సిలిండరు ఇంకా పై సైజుకి వచ్చేలా ఉంటే దాన్ని మార్చరు. ఇక మోత పెంచే ఖాళీ సైలెన్సర్ల మాటకి వస్తే, తలుపు చూపిస్తారు. అవి పెడితే కార్బురేటరు మెయిన్ జెట్టు మార్చాలి, లేదంటే మిశ్రమం పలచబడి ప్లగ్గు తెల్లబడుతుంది, పిస్టను తల వేడెక్కుతుంది. అది తెలియకుండానే బోలెడుమంది పెడతారు. పోలీసులు అలాంటివి పట్టి రోడ్డు రోలరు కింద తొక్కించిన ఫొటోలు పేపర్లలో వచ్చినప్పుడు ఆయన జాలిపడ్డ దాఖలా లేదు.

డెల్టా శత్రువులు

ఈ ప్రాంతపు బండికి అరుగుదల కన్నా నీళ్ళూ ఉప్పూ ఎక్కువ శత్రువులు. దివిసీమ వైపు, కోడూరు, నాగాయలంకల్లో సముద్రపు గాలికి స్పోకులు, సైలెన్సరు ముందు పోతాయి. ఇంజను లోపల అల్యూమినియం ముఖాల మీద తెల్లటి పొడి లేస్తుంది. పెట్రోల్లో ఇథనాల్ శాతం పెరిగాక ఇంకో చిక్కు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి కదలని బండి ట్యాంకులో అడుగున తుప్పు, కార్బురేటరు గిన్నెలో తెల్లటి మడ్డి. కాబట్టి తరచూ తీయని బండికి పెట్రోలు కుళాయి మూసి, కార్బురేటరు ఖాళీ అయ్యేదాకా ఇంజన్ను నడిపి ఆపమంటారు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి బెజవాడ మునిగినప్పుడు, ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణకు 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు, వేల బండ్లు రోజుల తరబడి నీళ్ళలోనే ఉండిపోయాయి. నీళ్ళు తగ్గగానే చాలామంది చేసిన మొదటి పని కిక్కు కొట్టడం. చేయకూడనిది అదే. గాలి నొక్కుకుంటుంది, నీళ్ళు నొక్కుకోవు. సిలిండరులో నీళ్ళుండగా పిస్టనును బలంగా పైకి తోస్తే రాడ్డు వంగుతుంది. ముందు ప్లగ్గు తీసి మెల్లగా చేత్తో తిప్పి నీళ్ళు బయటికి పంపాలి. తర్వాత నూనె మొత్తం దించాలి. నీళ్ళు కలిసిన నూనె మజ్జిగ రంగులో ఉంటుంది. ఆ రంగు పోయేదాకా కొత్త నూనె పోసి, కొద్దిసేపు నడిపి, మళ్ళీ మార్చాలి. అది మునిగిన రోజుల్లోనే జరిగితే ఇంజను దక్కుతుంది. నెల ఆగితే బేరింగులన్నీ తుప్పే.

స్టార్టు చేశాక

ఇంజను లేచిన వెంటనే మేస్త్రి మోత వినరు, రాకర్లకి వెళ్ళే నూనె గొట్టం నట్టు కొద్దిగా వదులు చేస్తారు. అక్కణ్ణించి నూనె బొట్లుబొట్లుగా కొట్టుకుంటూ వస్తేనే మళ్ళీ బిగించి, అప్పుడు చెవి ఒగ్గుతారు. చల్లబడ్డాక హెడ్డు నట్లు వరస ప్రకారం మరోసారి టార్క్ రెంచితో చూస్తారు, ట్యాపెట్లు మళ్ళీ సరిచేస్తారు. బండి ఇచ్చేటప్పుడు యజమాని చేతిలో చీటీ పెడతారు. మొదటి వంద కిలోమీటర్లకి నూనె మార్చాలి. ఐదొందల దాకా 45 స్పీడు దాటకూడదు. ఒకే స్పీడులో గంటలు తోలకూడదు, థ్రాటిల్ పెంచుతూ తగ్గిస్తూ ఉండాలి, రింగులు గోడకి ఆనేది అప్పుడే. వెనక్కి ఎవరినీ ఎక్కించుకోకూడదు. ఐదొందలయ్యాక తిరిగి తీసుకురావాలి, అప్పటిదాకా డబ్బుల్లో కొంత ఆయన దగ్గర బాకీ ఉంటుంది. తీసుకురాని వాళ్ళ బండిని మళ్ళీ చేయరు.

ఇంతా చేసి ఆ ఇంజను రోడ్డు మీద చేసేదేమిటి? కొత్తగా ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజున ఎంత లాగాలో అంత లాగుతుంది. కొన్నిసార్లు అంతకన్నా మెత్తగా. దాన్ని చాలామంది గుర్తించరు కూడా, బాగా చేసిన పనికి చప్పుడు ఉండదు కాబట్టి. నోటుబుక్కుల్లో మాత్రం ఏ బండికి బోరు ఎంత, క్రాంకు సూది ఎక్కడ ఆగింది, రింగు సందు ఎంత అన్నీ రాసి ఉంటాయి. పదేళ్ళ తర్వాత అదే బండి తిరిగొస్తే ఆ పేజీ తీసి, ఎంత అరిగిందో తేల్చి చెబుతారు. ఊరి షెడ్డులో ఒక పుస్తకం ఇలా ఉండటం నాకు ఆ క్రాంకు పని కన్నా గొప్పగా అనిపించింది.

మీ ఇంట్లో కూడా తాతల నాటి బుల్లెట్ ఒకటి పందిరి కింద మూలుగుతుంటే, చేయించాలని ఉంటే, మేస్త్రిని వెతికేటప్పుడు ఎంత తీసుకుంటారని మొదట అడగకండి. ఎన్నాళ్ళకి ఇస్తారనీ అడగకండి. బోరు వేయించి తెచ్చాక దాన్ని మళ్ళీ ఎవరు కొలుస్తారో అడగండి. "నేనే కొలుస్తా, రాసి ఇస్తా" అన్నవాళ్ళకి బండి ఇచ్చేయండి.